ఫాలెనోప్సిస్ ఒక జాతి కాదు, డెబ్బైకి పైనే: కోస్తా ఎండలో ఏ అడవి జాతి నిలుస్తుంది?

రాజమహేంద్రవరం నుంచి రాసిన మిత్రుని ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండేళ్ళ క్రితం నర్సరీలో తెల్ల పువ్వులది ఒకటి, ఊదా పువ్వులది ఒకటి, రెండు ఫాలెనోప్సిస్ ఆర్కిడ్ మొక్కలు కొన్నారు. కొన్నప్పుడున్న పూలు మూడు నెలలు నిలిచాయి. ఆ తరువాత మొక్కలు ఆకులు వేస్తున్నాయి తప్ప పూల కాడ తీయలేదు. ఫాలెనోప్సిస్ అంటే ఒకటే జాతి, రంగులే వేరని ఒకరు చెప్పారు. హైబ్రిడ్లు పారేసి అడవి జాతులు తెచ్చుకోండి, అవే మన ఎండకు ఆగుతాయని మరొకరు చెప్పారు. వీటిలో ఏది నిజం, తెచ్చుకుంటే ఏ జాతి తెచ్చుకోవాలి, పూసిన కాడను కోసెయ్యాలా వద్దా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మొదటి మాట పూర్తిగా తప్పు, రెండవది సగం నిజం. మీ దగ్గరున్నవి అడవి జాతులు కావు, తరతరాలుగా కలిపి తయారుచేసిన తోట సంకరాలు. అడవిలో ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతులన్నీ చేరిన ఈ గుంపులో, డెబ్బైకి పైగా జాతులున్నాయి. వాటిలో కొన్నింటికి మీ గోదావరి వేడి సొంత ఇంటిలా ఉంటుంది, కొన్నింటికి ఒక్క వేసవి కూడా గడవదు. మీరు మొదలుపెట్టవలసినవి పుల్కెరిమా, కోర్ను-సెర్వి, ఈక్వెస్ట్రిస్. ఆ మూడూ ఒక ఏడాది నిలిచిన తరువాత వయోలేసియా, బెల్లీనా, లూడెమానియానాల జోలికి వెళ్ళండి. షిల్లెరియానా, జైగాంటియా, హిమాలయ జాతులు మాత్రం ప్రస్తుతానికి వద్దు. కాడను కోయాలా వద్దా అన్నది జాతిని బట్టి మారుతుంది, అది కింద వివరంగా రాశాను.

నేను విశాఖపట్నంలో మా మేడ మీద పచ్చ షేడ్‌నెట్ కింద పదిహేనేళ్ళకు పైగా ఈ మొక్కలు పెంచుతున్నాను. వృక్షశాస్త్రవేత్తను కాను. కింద రాసినదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, ఎక్కువ భాగం మొక్కలు చంపుకుని నేర్చుకున్నది.

పేరు సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే గందరగోళం అక్కడే పుట్టింది. మనం సాధారణంగా చూసే పెద్ద తెల్ల పువ్వుకు మూలం అమాబిలిస్ అనే జాతి. ఇండోనేషియాలోని ఆంబోన్ దీవిలో ఉండిన రంఫియస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని వర్ణించగా, ఆ వర్ణన ఆయన మరణించిన చాలా ఏళ్ళకు 1750లో అచ్చయింది. 1753లో లిన్నేయస్ దీన్ని ఎపిడెండ్రమ్ అనే వేరే ప్రజాతిలో చేర్చాడు. 1825లో జావాలో పనిచేస్తున్న బ్లూమె దీనికోసం ఫాలెనోప్సిస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. చిమ్మటను పోలినది అని ఆ గ్రీకు మాటకు అర్థం. దూరదర్శినిలోంచి చూసి, చెట్టు మీద చిమ్మటల గుంపు వాలిందని బ్లూమె పొరబడ్డాడని ఒక కథ చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా, వంగిన కాడకు వరసగా వేలాడే ఆ తెల్ల పూలను సందె వెలుతురులో చూసినవారికి ఆ పోలిక వింతగా అనిపించదు. ఇండోనేషియా 1993లో మన మల్లెతో పాటు ఈ పువ్వును కూడా జాతీయ పుష్పాలలో ఒకటిగా ప్రకటించింది.

అయితే చిమ్మటను పోలి ఉండేది ఈ ప్రజాతిలో ఒక చిన్న వర్గం మాత్రమే: అమాబిలిస్, ఆఫ్రొడైటి, శాండెరియానా, షిల్లెరియానా, స్టువార్టియానా, మరికొన్ని. వీటిలో అమాబిలిస్ విస్తృతంగా వ్యాపించి ఫిలిప్పీన్స్‌లోని పలావన్ నుంచి ఆస్ట్రేలియా ఉత్తర కొన వరకూ కనిపిస్తుంది, మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఫిలిప్పీన్స్ దీవులవి. మీ తెల్ల పువ్వు మళ్ళీ పూసినప్పుడు దాని మధ్యలోని పెదవిని (మిగిలినవాటికన్నా వేరే ఆకారంలో ఉండే రేకును) దగ్గరగా చూడండి. కొసన మీసాల్లా మెలితిరిగిన రెండు సన్నని తీగలు కనిపిస్తే, అవి ఈ వర్గం నుంచి వచ్చిన వారసత్వం. పెదవి మధ్య భాగం త్రికోణంగా ఉంటే ఆఫ్రొడైటి వైపు పోలిక, సిలువలా అడ్డంగా చాచి ఉంటే అమాబిలిస్ వైపు పోలిక. సంకరాల్లో ఈ గుర్తులు కలిసిపోయి ఉంటాయి కనుక దీన్నిబట్టి తీర్పు చెప్పలేం, చూసి ఆనందించవచ్చు.

మిగిలిన వర్గాల పువ్వులు చూస్తే ఇవన్నీ ఒకే కుటుంబం అంటే నమ్మబుద్ధి కాదు. కోర్ను-సెర్వి పువ్వు రూపాయి బిళ్ళకు కాస్త పెద్దది, మైనం పూసినట్టు మందమైన పసుపు రేకులు, వాటి మీద ఇటుక రంగు అడ్డచారలు. దీని పూల కాడ గుండ్రంగా కాక బల్లపరుపుగా, జడ అల్లినట్టు ఉంటుంది. జింక కొమ్ము అని పేరు రావడానికి అదే కారణం. బెల్లీనా పువ్వు నక్షత్రంలా ఉండి, కొసలు లేత ఆకుపచ్చగా, లోపలికి వచ్చేసరికి ముదురు వంకాయ రంగుగా మారుతుంది. పొద్దున పది గంటల వేళ దాని దగ్గర నిమ్మతొక్క నలిపినట్టు తీయని వాసన వస్తుంది. బోర్నియోలో పెరిగే ఈ బెల్లీనాను, మలయా, సుమత్రాలలో పెరిగే వయోలేసియాను చాలాకాలం ఒకే జాతిగా భావించారు. 1995లో ఎరిక్ క్రిస్టెన్సన్ వీటిని వేరుచేశాడు. పాత లేబుళ్ళ మీద "వయోలేసియా బోర్నియో రకం" అని ఉంటే అది బెల్లీనాయే.

బర్మా, థాయ్‌లాండ్ సున్నపురాతి గుట్టల మీద పెరిగే లోవియై ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చేసి వేళ్ళతోనే బతుకుతుంది. చైనా కొండల్లోని విల్సోనియై, మన హిమాలయాల టీనియాలిస్ కూడా అదే తరహా. వీటి వేళ్ళు బల్లపరుపుగా, ఆకుపచ్చగా ఉండి, ఆకులు చేయవలసిన పని తామే చేస్తాయి. అలాంటి మొక్కను తెచ్చుకున్న ఒక మిత్రుడు ఆకులు రాలగానే చచ్చిపోయిందని పారేశాడు. వేళ్ళు పచ్చగా ఉన్నంతవరకు ఫాలెనోప్సిస్ చావలేదని అర్థం.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. ఈశాన్య రాష్ట్రాల్లో మానియై, పారిషియై, లాబియై, అండమాన్ నికోబార్ దీవుల్లో టెట్రాస్పిస్ వంటివి ఉన్నాయి. దక్షిణాదిలో డెలిసియోసా, కర్ణాటక పడమటి కనుమల్లో మైసోరెన్సిస్ ఉన్నాయి. దక్షిణాది జాతుల పూలు వేలిగోరంత ఉంటాయి. పెద్ద పువ్వు కోసం చూసేవారికి ఇవి నచ్చవు, కానీ భూతద్దం పట్టి చూస్తే పెద్దవాటికి ఏ మాత్రం తీసిపోవు.

మరి నర్సరీ మొక్కలు ఎక్కడివి? ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక మధ్యరకం పువ్వును చూసి, ఇది రెండు జాతుల కలయిక అయి ఉండవచ్చని వృక్షశాస్త్రవేత్త లిండ్లీ 1853లోనే అనుమానించాడు. ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీలో జాన్ సీడెన్ ఆఫ్రొడైటికి ఈక్వెస్ట్రిస్ పుప్పొడి కలిపి పెంచితే 1886లో అచ్చం అదే పువ్వు పూసింది. ఈ ప్రజాతిలో మనిషి చేసిన మొదటి సంకరం అదే. ధూళిలాంటి ఆర్కిడ్ గింజలో ఆహార నిల్వ ఉండదు, శిలీంధ్రం సాయం లేనిదే మొలవదు. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన మాధ్యమంలో సీసాల్లో గింజలు మొలిపించే పద్ధతి ప్రచురించాక సంకరాలు వేలల్లోకి వెళ్ళాయి. ఈనాటి పెద్ద తెల్ల పువ్వుల్లో అమాబిలిస్, ఆఫ్రొడైటిల రక్తం ఎక్కువ. ఊదా రంగులో శాండెరియానా, షిల్లెరియానా, పుల్కెరిమా ఉంటాయి. పసుపు రంగు అంబోయినెన్సిస్, వెనోసా వంటివాటి నుంచి వచ్చింది. చిన్న పువ్వులు గుత్తులుగా పూసే బుల్లి రకాల వెనుక దాదాపు ఎప్పుడూ ఈక్వెస్ట్రిస్ ఉంటుంది. కనుక మీ ఊదా మొక్కలో నాలుగైదు అడవి జాతులు ఉండవచ్చు, కానీ అది వాటిలో ఏ ఒక్కటీ కాదు.

ఇక అసలు విషయం: మీ మొక్కలు పూయకపోవడానికి కారణం ఎరువు కాదు, చలి చాలకపోవడం. చిమ్మట వర్గం జాతులకూ, వాటి సంకరాలకూ వరసగా కొన్ని వారాల పాటు ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలకు దిగువన ఉంటేనే పూల కాడ పుడుతుంది. 28 డిగ్రీలు దాటి ఉన్నంతకాలం ఆకు మీద ఆకు వేస్తూ పోతాయి. వ్యాపారం కోసం పెంచే గ్రీన్‌హౌసుల్లో ఈ సూత్రంతోనే ఏడాది పొడుగునా కావలసిన వారానికి పూయిస్తారు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి చలికి ఇది తనంతట తానే జరిగిపోతుంది. మీ దగ్గరా, మా దగ్గరా రాత్రులు చల్లబడినా పగళ్ళు మళ్ళీ ముప్పైకి చేరతాయి, అందుకే ఒక ఏడు పూసి ఇంకో ఏడు పూయవు.

దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. షిల్లెరియానా ఆకులు వెండి మచ్చలతో పాలరాతి పలకల్లా ఉంటాయి, బాగా ఎదిగిన మొక్క వందకు పైగా గులాబీరంగు పూలు పూసిన సందర్భాలున్నాయి. ఆ ఆకులు చూసి మోజుపడి తెచ్చుకున్నాను. విశాఖలో నాలుగేళ్ళు ఉంచితే ఎనిమిది ఆకులతో దివ్యంగా ఎదిగింది, కాడ మాత్రం ఒక్కసారే తీసింది, దానికి ఆరు పూలు. విసిగిపోయి అరకులో ఉండే మా బావగారికి ఇచ్చేశాను. ఆయన దాన్ని వరండాలో సిల్వర్ ఓక్ దుంగకు కట్టి, గుర్తొచ్చినప్పుడు నీళ్ళు చల్లేవారు. మరుసటి ఫిబ్రవరిలో ఆయన పంపిన ఫొటోలో రెండు కాడలున్నాయి, నేను లెక్కపెడితే నలభై మూడు పూలు తేలాయి. నా సంరక్షణలో లోపం లేదని అప్పటివరకూ నమ్మకంగా ఉండేవాణ్ణి. లోపం నిజంగానే లేదు, ఊరే తప్పు.

మీ రెండు మొక్కలనూ పారేయవద్దు. నవంబరు చివర నుంచి జనవరి చివర వరకు ఉత్తరపు వరండాలోనో, మధ్యాహ్నం వేడి చేరని తూర్పు కిటికీ దగ్గరో ఉంచండి, రాత్రిపూట కిటికీ తెరిచి ఉంచండి. వెలుతురు మాత్రం బాగా ఉండాలి. ఆకు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటే మీకు ముచ్చటగా ఉంటుంది గాని అది వెలుతురు చాలలేదన్న గుర్తు, లేత పచ్చగా ఉండాలి. మా ఇంట్లో ఈ పద్ధతిలో మూడేళ్ళలో రెండేళ్ళు పూస్తున్నాయి, సముద్రతీరంలో అంతకన్నా నేను ఆశించను.

కోర్ను-సెర్వి, వయోలేసియా, బెల్లీనా, లూడెమానియానాలకు ఈ చలి షరతు పెద్దగా లేదు. ఇవి ఎప్పుడూ వెచ్చగా ఉండే పల్లపు అడవులవి. ఒకేసారి ముప్పై పూలు పూయవు, ఒకటి రెండు చొప్పున నెలల తరబడి పూస్తూనే ఉంటాయి. ఇక్కడే మీ కాడ ప్రశ్నకు సమాధానం ఉంది. ఈ వర్గం జాతుల్లో పూలు రాలినా కాడ పచ్చగా ఉన్నంతకాలం కోయవద్దు. అదే కాడ కొసన మళ్ళీ మొగ్గ వస్తుంది. నేను మొదటి కోర్ను-సెర్వికి పెద్ద తెల్ల పువ్వులకు చేసినట్టే కాడ మొదలంటా కత్తిరించి, ఆ తరువాత ఏడాదిన్నర పువ్వు చూడలేదు. ఇప్పుడున్న మొక్కలో ఒక కాడ వయసు ఐదేళ్ళు, కొసన కొంచెం కొంచెంగా సాగుతూ నేటికీ పూస్తోంది. లూడెమానియానా అయితే పాత కాడ మీదే పిల్ల మొక్కలు కూడా వేస్తుంది, వాటికి మూడు వేళ్ళు రెండంగుళాలు ఎదిగాక విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు. వయోలేసియా, లూడెమానియానాల పువ్వులో పుప్పొడి పడి కాయ కట్టిందంటే రేకులు వాడిపోకుండా ఆకుపచ్చగా మారి కాయ పక్కనే నిలిచిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు ఏదో తెగులనుకుని మందు కొట్టబోయాను.

మీకు చెప్పిన మొదటి మూడింటిలో పుల్కెరిమా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పాత లేబుళ్ళ మీద దీని పేరు డోరైటిస్ అని ఉంటుంది, తరువాత ఫాలెనోప్సిస్‌లో కలిపారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెట్టు కొమ్మలను పట్టుకుని పెరిగితే ఇది ఇసుక నేలల్లో, రాళ్ళ సందుల్లో, దాదాపు ఎండలోనే పెరుగుతుంది. కాడ వంగకుండా నిటారుగా రెండు మూడు అడుగులు లేచి, వానలు వెనకబట్టే రోజుల్లో పూస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు మా షేడ్‌నెట్ చట్రంతో సహా ఎగిరిపోయింది. కరెంటు లేక, మోటారు ఆడక, మనుషులకే నీళ్ళు కరువైన ఆ రోజుల్లో మొక్కలను పట్టించుకున్నవారు లేరు. పెద్ద తెల్ల పువ్వుల సంకరాల ఆకులు ఎండకు బొబ్బలెక్కి, ఆ మచ్చలు కుళ్ళి, పదకొండింటిలో మూడే మిగిలాయి. పుల్కెరిమా కుండీలు నాలుగూ బతికాయి, ఆకులు ఎర్రబడ్డాయి అంతే.

ఈక్వెస్ట్రిస్ అరచేతిలో పట్టే మొక్క, ఒక కాడకు పది పదిహేను చిన్న గులాబీ పువ్వులు. చిమ్మట వర్గానికి దగ్గరి బంధువే అయినా చలి కోసం అంత పట్టుబట్టదు. ఆర్కిడ్లన్నిటిలోనూ మొదట పూర్తి జన్యుక్రమం చదివింది దీనిదే, ఆ ఫలితాలు 2014 చివర వెలువడ్డాయి. ఈ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకునే తరహావి. మా మేడ మీద నేను గమనించింది ఏమిటంటే, మే నెలలో రాత్రికి కూడా వేడి దిగని గోడ పక్కన ఉంచిన మొక్క ఎన్ని నీళ్ళు పోసినా నీరసించింది, అదే మొక్కను నాలుగడుగులు ఇవతలికి జరిపితే కోలుకుంది. పగటి వేడి కన్నా రాత్రి వేడిని ఎక్కువ చూసుకోండి.

నీళ్ళ విషయంలో ఒక్కటే చెబుతాను, మిగిలినది అలవాటు మీద వస్తుంది. వేరు మీది స్పాంజి లాంటి పొర ఎండితే వెండి రంగులో, తడిస్తే పచ్చగా ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెడితే ఆ రంగే మీకు చెబుతుంది. వెండి రంగు వచ్చిన మర్నాటి ఉదయం పోయండి, సాయంత్రం పోయవద్దు. నర్సరీవాళ్ళు బిగించి పెట్టిన నాచు మన వానాకాలంలో పదిహేను రోజులైనా ఆరదు, దాన్ని విప్పి పైన్ బెరడు, బొగ్గు ముక్కలు కలిపి పెట్టుకోండి. పెద్ద ఆకుల జైగాంటియాను వద్దన్నది కూడా నీటి వల్లే. బోర్నియోలో దీని ఆకులు చెట్టు మీంచి ఏనుగు చెవుల్లా కిందికి వేలాడుతాయి, వాన నీరు జారిపోతుంది. నేను దాన్ని కుండీలో నిటారుగా నాటాను. ఆగస్టులో ఒక రాత్రి కురిసిన వాన ఆకుల మధ్య గుంటలో నిలిచింది, మూడో రోజు లేత ఆకును వేలితో తాకితే ఊడి చేతికొచ్చింది, మొదలు గంజి వాసన కొట్టింది. ఏడేళ్ళ మొక్క అది. మీ మొక్కలకూ వాన పడితే ఆకుల నడుమ నిలిచిన నీటిని గుడ్డ కొసతో అద్ది తీసేయండి.

కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. "అడవి జాతి" అంటే అడవిలోంచి పీకిన మొక్క అని అర్థం కాకూడదు. ఆర్కిడ్లన్నీ, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే, 1975 నుంచి అమల్లో ఉన్న సైట్స్ ఒప్పందం కిందికి వస్తాయి, అడవి నుంచి తెచ్చి అమ్మడం మన దేశంలో చట్టరీత్యా నేరం కూడా కావచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, పీకిన మొక్క వేళ్ళు తెగి ఉంటాయి కనుక నూటికి ఎనభై బతకవని నా అనుభవంలో అనిపించింది. ఒకసారి తెలిసీ తెలియక అలాంటి కట్ట ఒకటి కొన్నాను: వేళ్ళు కత్తిరించినట్టు పొట్టిగా, వాటికి చెట్టు బెరడు అంటుకుని, ఆకుల మీద పురుగు తిన్న పాత మచ్చలు, ఏ రెండు మొక్కలూ ఒకే సైజు కాదు. ఆ గుర్తులు కనిపిస్తే కొనవద్దు. సీసాలో గింజ నుంచి పెంచిన మొక్కలు ఒకే ఎత్తున, శుభ్రమైన ఆకులతో, వేళ్ళు కుండీ నిండా చుట్టుకుని ఉంటాయి. పై ఆరు జాతులూ అలా పెంచినవి దొరుకుతున్నాయి. సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996 నుంచి జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉంది, అటు వెళ్ళే పని ఉంటే సంకరం కాని మొక్క ఎలా ఉంటుందో కళ్ళారా చూసి రండి.

తెచ్చుకునే సమయం కూడా ముఖ్యం. ఇప్పుడు ఏప్రిల్ కనుక ఆగండి. మొదటి వానలు పడి గాలిలో తేమ నిలిచాక, జులై రెండో వారంలో పుల్కెరిమా, ఈక్వెస్ట్రిస్ తెప్పించుకోండి. కోర్ను-సెర్విని కుండీలో కాక కొబ్బరి డొక్క మీద కట్టి వేలాడదీయండి. మీ తెల్ల మొక్క వేళ్ళ ఫొటో ఒకటి, కుండీ పక్కనుంచి తీసింది, ఇక్కడ పెడితే నాచు మార్చాలా వద్దా చెప్పగలను.